వద్దన్న ఉత్తరం, తర్వాత చూస్తానన్న ఉత్తరం

1975 నవంబరులో జాన్ పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశాడు. ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్ పరిశోధకులు తమలో తాము పంచుకునే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల వరసలో అది 706వది. విషయం చెత్త ఉత్తరాలు. అప్పటికి రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు తొలి ఈమెయిల్ పంపి నాలుగేళ్లే అయింది. ఆ నెట్‌వర్క్ మీద ఇంకా అమ్మేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు. పోస్టెల్‌ను కలవరపెట్టింది వ్యవస్థ నిర్మాణంలోనే ఉన్న ఒక లోటు. ఎక్కడో ఒక యంత్రం చెడిపోయి అక్కర్లేని సందేశాలు కుప్పలుగా పంపడం మొదలుపెడితే, అందుకునే యంత్రానికి వాటిని గుమ్మంలోనే ఆపే దారి లేదు. అన్నింటినీ తీసుకోవాలి, చదవాలి, ఆ తర్వాతే పారేయాలి. ఈలోగా దాని అసలు పని మూలపడుతుంది.

ఈమెయిల్ మీద అప్పటినుంచి జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ ఒక్క లోటును పూడ్చడానికే సాగింది. అందుకునేవారికి ‘వద్దు’ అనే శక్తి ఇవ్వడమే దాని లక్ష్యం. దాని పక్కనే, అంతగా ఎవరూ పట్టించుకోని ఇంకో శక్తి కూడా రూపుదిద్దుకుంది. అది ‘ఇప్పుడొద్దు, తర్వాత అన్నీ కలిపి ఇవ్వండి’ అనగలగడం. డైజెస్ట్ అనే ఏర్పాటు అందుకే ఉంది. పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిచి నిట్టూర్చేవాళ్లలో చాలామందికి మొదటిదాని కంటే ఈ రెండోదే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు లోటు ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. ఉత్తరాన్ని ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు చేర్చే పద్ధతి పేరు ఎస్‌ఎమ్‌టీపీ. దీన్ని కూడా 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821గా రాసింది పోస్టెలే. మెరుగులు దిద్దుకుంటూ ఇప్పటికీ అదే నడుస్తోంది. పంపే సర్వరు ‘హెలో’ అంటూ తన పేరు చెబుతుంది. అవతలి సర్వరు 250 అని బదులిస్తుంది, అంటే సరే అని. తర్వాత ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపినవారి చిరునామా, ‘ఆర్‌సీపీటీ టూ’ అని చేరవలసినవారి చిరునామా. రెండింటికీ 250. ‘డేటా’ అనగానే అవతలినుంచి 354, ఇక కానివ్వు అని. ఉత్తరం మొత్తం వచ్చేస్తుంది. చివరి వరసలో ఒక చుక్క మాత్రం ఉంటుంది, అయిపోయిందనడానికి గుర్తుగా. మళ్లీ 250. ఇంతే. ఈ మొత్తం సంభాషణలో ‘నువ్వు చెప్పిన పేరు నిజంగా నీదేనా’ అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. పైగా ‘మెయిల్ ఫ్రమ్’ అన్నది కవరు మీది చిరునామా లాంటిది. మనకు తెర మీద కనిపించే ‘ఫ్రమ్’ మాత్రం కవరు లోపలి కాగితం మీద రాసిన పేరు. రెండూ ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు. బ్యాంకు పేరుతో వచ్చే మోసపు మెయిళ్లు ఈ సందులోంచే దూరాయి.

దీన్ని అప్పటివాళ్ల అజాగ్రత్త అనేయడం అన్యాయం. ఒకరికొకరు తెలిసిన కొద్దిమంది పరిశోధకులు కట్టుకున్న వ్యవస్థ అది. ఆ తెరిచిన తలుపు మనకు మేలు కూడా చేసింది. శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ చదివే ఒక విద్యార్థి, ముఖపరిచయం లేని ఏ దేశపు ప్రొఫెసరుకైనా తన సందేహం రాసి పంపగలడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇద్దరూ ఒకే కంపెనీ ఖాతాదారులు కానక్కర్లేదు. కాబట్టి చెత్తను ఆపే ప్రతి ఉపాయాన్నీ, అది ఈ తలుపును ఎంతమేరకు మూస్తోందన్న లెక్కతో తూచాలి.

పోస్టెల్ భయపడింది చెడిపోయిన యంత్రానికి. వచ్చింది మాత్రం అమ్మకందారు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ అమెరికా పశ్చిమ తీరంలోని దాదాపు 400 మంది ఆర్పానెట్ వాడుకదారులకు ఒకే ఉత్తరం పంపించాడు. చిరునామాలన్నీ ‘టూ’ గడిలో పట్టలేదు. పట్టనివి పొర్లి ఉత్తరంలోకే వచ్చిపడ్డాయి. ఫిర్యాదులు చాలానే వచ్చాయి. ఆ ఉత్తరం వల్ల అమ్మకాలు కూడా జరిగాయని థర్క్ తర్వాతి కాలంలో చెప్పాడు.

అమ్మకాలు జరుగుతాయన్నదే అసలు చిక్కు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో, బర్కిలీ పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి, అంటే యజమానులకు తెలియకుండా వశం చేసుకున్న కంప్యూటర్ల దండులోకి, చొరబడ్డారు. అది పంపే మందుల ప్రకటనల్లో లంకెలు మార్చి, తాము కట్టిన నకిలీ దుకాణానికి మళ్లించారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా, కొనడానికి చివరిదాకా వచ్చినవాళ్లను మాత్రం లెక్కపెట్టారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు వెళ్లాయి. కొనబోయినవాళ్లు 28 మంది. కోటీ పాతిక లక్షల మెయిళ్లకు ఒక్కరు! ఏ ఇతర వ్యాపారమైనా ఈ లెక్కతో మూతపడుతుంది. ఇది మూతపడదు, ఎందుకంటే ఆ కోట్ల మెయిళ్లను మోసే సర్వర్లూ, కరెంటూ, వాటిని చూసి కొట్టేసే మనుషుల సమయమూ పంపేవాడివి కావు. ఖర్చును పంపేవాడి మీదికి మళ్లించాలన్న ఆలోచన సింథియా డ్వర్క్, మోనీ నవోర్ 1992లోనే చేశారు. ప్రతి మెయిలుకూ పంపే కంప్యూటరు ముందుగా ఒక చిన్న లెక్క చేసి చూపించాలన్నారు. ఆడమ్ బ్యాక్ 1997లో హ్యాష్‌క్యాష్ పేరుతో దాన్ని అమలు చేసి చూపాడు. ఈమెయిల్‌లో అది నిలదొక్కుకోలేదు. దొంగ కంప్యూటర్లతో పంపేవాడికి లెక్క చేయించడం భారం కాదు, వేలమంది సభ్యులకు ఉత్తరాలు పంచే నిజాయితీపరుడికే భారం. తర్వాత అదే ఆలోచన బిట్‌కాయిన్‌కు పునాది అయింది.

గుమ్మంలోనే ఆపే పద్ధతులు ఐపీ చిరునామాలతో మొదలయ్యాయి. 1990ల చివర్లో పాల్ విక్సీ బృందం చెడ్డ పేరున్న చిరునామాల జాబితాను అందరికీ అందుబాటులో పెట్టింది. 1998లో స్పామ్‌హాస్ వచ్చింది. జాబితాలో ఉన్న సర్వరు ‘హెలో’ అంటే 250కి బదులు 550 అని తిప్పి పంపడమే. 2003లో ఇవాన్ హ్యారిస్ ఇంకో తెలివైన మార్గం సూచించాడు. కొత్త సర్వరు ఏదైనా తలుపు తడితే, తాత్కాలికంగా కుదరదు, కాసేపాగి రమ్మనాలి. సక్రమమైన సర్వరు ఆగి మళ్లీ వస్తుంది. కోట్లలో పంపే దొంగ ప్రోగ్రాముకు ఆ ఓపిక ఉండదు. మూలం మీదే దెబ్బ కొట్టిన సందర్భమూ ఉంది. 2008 నవంబరు 11న శాన్ హోసేలోని మెకోలో అనే హోస్టింగ్ కంపెనీకి నెట్ కనెక్షన్ తెంచేయగానే ప్రపంచమంతటా స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్లీ పెరిగింది.

చిరునామా చూసి ఆపడం ఒక ఎత్తు. ఉత్తరంలోని మాటలను తూచడం ఇంకో ఎత్తు. ఇక్కడే గణితం అందంగా పనిచేస్తుంది. థామస్ బేయస్ 1761లో చనిపోయాక, అతని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ 1763లో ప్రచురించిన సంభావ్యతా సూత్రం దీనికి ఆధారం. 1998లో మెహ్రాన్ సహామీ, సూసన్ డ్యుమే, డేవిడ్ హెకర్‌మన్, ఎరిక్ హార్విట్జ్ దాన్ని చెత్త మెయిళ్ల వడపోతకు వాడవచ్చని చూపారు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో అది ఊరూరా పాకింది.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. వెయ్యి చెత్త మెయిళ్లు, వెయ్యి మంచి మెయిళ్లు ముందు పెట్టుకున్నాం. ‘లాటరీ’ అన్న మాట చెత్తలో 200 చోట్ల, మంచివాటిలో 2 చోట్ల కనబడిందనుకుందాం. అంటే ఆ మాట ఉన్న మెయిలు చెత్త అయ్యే మొగ్గు 100కు 1. ‘గృహప్రవేశం’ చెత్తలో ఒక్కచోట, మంచివాటిలో 20 చోట్ల ఉంది. మొగ్గు 1కి 20, అంటే మంచివైపు. ఇప్పుడు పెద్దమ్మగారబ్బాయి నుంచి ఒక మెయిలు వచ్చింది. హౌసింగ్ బోర్డు లాటరీలో ఫ్లాటు వచ్చిందట, గృహప్రవేశానికి రమ్మంటున్నాడు. రెండు మొగ్గుల్నీ గుణిస్తే 5కు 1 వస్తుంది. అంటే చెత్త అయ్యే అవకాశం 83 శాతం, ఉత్తరం ప్రమాదంలో పడింది. కానీ అందులోనే ‘తాంబూలం’ అనే మాట కూడా ఉంది. దాని మొగ్గు 1కి 10 అనుకుంటే, మొత్తం 1కి 2 అయింది. చెత్త అయ్యే అవకాశం 33 శాతానికి దిగింది. ఉత్తరం బతికిపోయింది. ఒక చెడ్డ మాట కనబడగానే తలుపు వేసెయ్యకుండా, అన్ని మాటల సాక్ష్యాన్నీ విని తీర్పు చెప్పడం ఈ పద్ధతి గొప్పతనం. మాటలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్న ఊహ మీద ఈ గుణకారం నిలబడింది. ఆ ఊహ నిజం కాదు. అయినా ఫలితం ఆశ్చర్యకరంగా బాగుంటుంది.

తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్కకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఖాళీల దగ్గర మాటలు విడగొట్టే మామూలు వడపోతకు లాటరీ, లాటరీలో, లాటరీకి, లాటరీతో నాలుగూ నాలుగు వేర్వేరు మాటలు. గృహప్రవేశం ఒకటి, గృహప్రవేశానికి ఇంకొకటి. విభక్తులు, సంధులు కలిసి సాక్ష్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా చెదరగొడతాయి. ఇంగ్లీషులో కొన్ని వందల మెయిళ్లతో నేర్చుకునే వడపోతకు తెలుగులో అంతకన్నా ఎక్కువ కావాలి. మరి తెలుగులో రాసుకునే మెయిళ్లు ఎన్ని ఉన్నాయి? 2023లో గూగుల్ జీమెయిల్‌లోకి తెచ్చిన రెట్‌వెక్ అనే పద్ధతి మాటల పట్టిక అక్కర్లేకుండా అక్షరాల స్థాయిలో పనిచేస్తుంది, వందకు పైగా భాషలకు వర్తిస్తుంది. దానితో స్పామ్‌ను పట్టుకోవడం 38 శాతం మెరుగుపడిందని ఆ సంస్థ ప్రకటించింది. ఈ దిశ తెలుగుకు మేలు చేసేదే.

ఏ వడపోతకైనా పొరపాట్లు రెండు రకాలు. చెత్తను లోపలికి రానివ్వడం ఒకటి, మంచి ఉత్తరాన్ని చెత్తలో పారేయడం రెండోది. రెండూ సమానం కావు. మొదటిదానితో రెండు సెకన్లు పోతాయి. రెండోదానితో ఉద్యోగపు ఇంటర్వ్యూ పిలుపు పోవచ్చు, కాలేజీ సీటు పోవచ్చు. గ్రాహమ్ ఈ తేడాను లెక్కలోనే పెట్టాడు. మంచి మెయిళ్లలో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో దాన్ని రెట్టింపు చేసి లెక్కించాడు, అనుమానం వస్తే ఉత్తరం పక్షాన నిలబడేలా.

ఇక పేరు నిజమా కాదా అన్న పాత ప్రశ్న. దానికి జవాబు మూడు విడతల్లో వచ్చింది. ఒక డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిలు పంపవచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద డొమైన్ తాళంచెవితో సంతకం చేసేది డీకిమ్. ఈ రెండూ తెర మీద కనిపించే ‘ఫ్రమ్’తో సరిపోలకపోతే ఏం చెయ్యాలో డొమైన్ యజమాని ప్రకటించేది డీమార్క్. మోసపు మెయిళ్లను ఇవి బాగా తగ్గించాయి. కానీ 2014 ఏప్రిల్‌లో యాహూ, తన చిరునామాతో వచ్చి, ఇలా సరిపోలని మెయిళ్లన్నింటినీ తిప్పికొట్టమని ప్రకటించగానే ప్రపంచమంతటా మెయిలింగ్ లిస్టులు కుదేలయ్యాయి. లిస్టు అనేది సభ్యుడి ఉత్తరాన్ని తీసుకుని, విషయం ముందు తన పేరు తగిలించి, అడుగున రెండు వరసలు చేర్చి అందరికీ పంచుతుంది. దాంతో సంతకం చెల్లదు. పంపేది లిస్టు సర్వరు కాబట్టి ఎస్‌పీఎఫ్ సరిపోలదు. ఏ తప్పూ చెయ్యని ఉత్తరాలు వెనక్కి కొట్టుకొచ్చాయి, కొన్నిచోట్ల సభ్యుల పేర్లే జాబితాల్లోంచి కొట్టుకుపోయాయి. అందుకే ఇవాళ ఇలాంటి బృందాల మెయిళ్లలో పంపినవారి పేరు పక్కన ‘వయా’ అని బృందం పేరు కనిపిస్తుంది. ఆ పేరు మార్పు లిస్టు బతకడానికి చేసుకున్న సర్దుబాటు.

చేరినవాళ్లే కోరుకున్న ఉత్తరాలు కూడా మితిమీరితే భారమే. ఈ సంగతి ఆర్పానెట్ కాలంలోనే అనుభవానికి వచ్చింది. సైన్స్ ఫిక్షన్ అభిమానుల ఎస్‌ఎఫ్-లవర్స్ లాంటి బృందాల్లో ఒకరు రాసిన ప్రతి ఉత్తరం సభ్యులందరికీ విడివిడిగా వెళ్లేది. 300 మంది సభ్యులు, రోజుకు 40 ఉత్తరాలు అనుకుంటే 12,000 సార్లు పంపాలి. ఒక సంపాదకుడు కూర్చుని ఆనాటి ఉత్తరాలన్నీ ఒకే కవరులో సర్దితే 300 సార్లు చాలు. డైజెస్ట్ అలా యంత్రాల మీది బరువు దించడానికి వచ్చింది. ఇవాళ యంత్రాలకు ఆ బరువు లెక్కలేదు, మనిషి ధ్యాసకు మాత్రం ఇంకా లెక్కే. ఒక్కొక్క మెయిలూ మోగి పిలిచే బదులు, మనం కూర్చున్నప్పుడు అన్నీ ఒకచోట దొరకడం చదువరికి ఎంతో శాంతి.

డైజెస్ట్ రూపానికి 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1153 ఒక పద్ధతి ఏర్పరచింది. పైన సంచిక సంఖ్య, తేదీ, విషయాల పట్టిక. దాని కింద సరిగ్గా 70 అడ్డగీతల వరస. తర్వాత ఒక్కో ఉత్తరం, ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య 30 అడ్డగీతలు. ఇంత ఖచ్చితత్వం ఎందుకంటే, కావలసినప్పుడు ఒక ప్రోగ్రాము ఆ గీతలను పట్టుకుని సంచికను మళ్లీ విడి ఉత్తరాలుగా విప్పగలగాలి. దీనికి తోడు మైమ్ డైజెస్ట్ ఉంది. అందులో ఒక్కో ఉత్తరం తన వివరాలన్నింటితో జతచేసిన ప్రతిగా ఉంటుంది. తెలుగు చదివేవాళ్లకు నేను ఎప్పుడూ మైమ్ రకాన్నే సూచిస్తాను. సాదా రకంలో వేర్వేరు ఎన్‌కోడింగుల ఉత్తరాలను ఒకే ముద్దగా కలపడం వల్ల తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉంది.

తెలుగుకు ఇంకో విశేషం ఉంది. చాలాచోట్ల వాడే మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్‌లో, మార్చకపోతే, పోగైన ఉత్తరాలు 30 కిలోబైట్లు దాటగానే ఒక సంచిక వెళ్లిపోతుంది. ఇంగ్లీషులో అది సుమారు 30 వేల అక్షరాలు. యూనికోడ్ తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి, గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకొస్తాయి. కాబట్టి తెలుగులో పది వేల సంకేతాలకే పెట్టె నిండిపోతుంది. ఇంగ్లీషు బృందానికి రోజుకు ఒకటి వచ్చే చోట, అంతే మాట్లాడుకునే తెలుగు బృందానికి మూడు వస్తాయి. డైజెస్ట్ పెట్టుకున్నా మెయిళ్లు తగ్గలేదని వాపోయే తెలుగు సభ్యులకు కారణం ఇదే కావచ్చు. నిర్వాహకులు ఆ పరిమితిని వంద కిలోబైట్లకు పెంచితే చాలు. తెలుగు సాహిత్యం మీద చర్చలు సాగిన రచ్చబండ లాంటి యాహూ గ్రూపుల కాలంలో ఈ సమస్య అంతగా లేదు. అప్పట్లో చాలామంది తెలుగును ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాల్లో కొట్టేవారు, అక్షరానికి ఒక్క బైటే. 2020 డిసెంబరు 15న యాహూ గ్రూప్స్ పూర్తిగా మూతపడింది.

డైజెస్ట్ చదివేవాళ్లు జవాబు రాసేటప్పుడు కాస్త జాగ్రత్త పడాలి. నేరుగా ‘రిప్లై’ నొక్కితే విషయం గడిలో సంచిక సంఖ్య పడుతుంది, కింద సంచిక మొత్తం అంటుకుని వెళ్తుంది. మర్నాటి డైజెస్టులో నిన్నటి డైజెస్టు, దానిలో మొన్నటిది. విషయాన్ని అసలు ఉత్తరపు శీర్షికకు మార్చి, జవాబిస్తున్న నాలుగు వరసలు మాత్రం ఉంచి మిగతాది తుడిచేయాలి. అలా చేసినా అది పాత ఉత్తరాల గొలుసులో అతకదు, ఎందుకంటే మీ మెయిలు తన మాతృకగా డైజెస్టునే చూపిస్తుంది. కాబట్టి ఎక్కువగా రాసేవాళ్లు విడి మెయిళ్లే తీసుకుని, మెయిలు శీర్షభాగంలో ఉండే ‘లిస్ట్-ఐడీ’ వరస ఆధారంగా వాటిని వేరే ఫోల్డరులోకి మళ్లించుకోవడం మంచిది. ఎక్కువగా చదివేవాళ్లకు డైజెస్ట్.

అసలు వద్దనుకుంటే? 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌లో బెడ్‌లమ్ డీఎల్3 అనే జాబితాలో తన పేరు ఎందుకుందని ఒక ఉద్యోగి అందరికీ మెయిలు పెట్టాడు. జాబితాలో దాదాపు 13,000 మంది ఉన్నారు. ‘నన్ను కూడా తీసేయండి’ అని కొందరు అందరికీ రాశారు, ‘అందరికీ రాయకండి’ అని ఇంకొందరు అందరికీ రాశారు. కోటిన్నర సందేశాలతో ఆ సంస్థ మెయిలు వ్యవస్థ స్తంభించింది. జాబితాకే ‘తీసేయండి’ అని రాయడం వల్ల ఎవరి పేరూ పోదు. దారి వేరే ఉంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2369 ప్రకారం బృందపు మెయిళ్ల శీర్షభాగంలో ‘లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్’ అనే వరస ఉంటుంది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8058 దాన్ని ఒక్క నొక్కుకు కుదించింది. పంపినవారి పేరు పక్కన జీమెయిల్ చూపించే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ ఆ వరసలోంచే వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు పైగా పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఇది పెట్టి తీరాలని, అడిగిన రెండు రోజుల్లో ఆపాలని గూగుల్, యాహూ షరతు పెట్టాయి.

అదే షరతులో ఇంకో అంకె ఉంది. స్పామ్ అని నొక్కినవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. వెయ్యి మందిలో ముగ్గురు! నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఈ అంకె. మనమే చేరిన ఒక సాహిత్య బృందం, పూర్వవిద్యార్థుల సంఘం, పిల్లల బడి వార్తాలేఖ విసుగనిపించి ‘స్పామ్’ నొక్కితే, మన ఇన్‌బాక్స్ ఒక్కటే తేలికపడి ఊరుకోదు. ఆ నొక్కు పంపే డొమైన్ పేరు మీద పడుతుంది. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఏడు మందికి కూడా ఉత్తరాలు చెత్తబుట్టలోకి జారడం మొదలవుతుంది. వాటికోసం ఎదురుచూసేవాళ్లకు కారణం తెలియనే తెలియదు. మనం చేరినదైతే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కాలి. ఎన్నడూ చేరనిది, ముక్కూమొహం తెలియనిది అయితే ‘స్పామ్’ నొక్కాలి. అలాంటి మెయిల్లో అడుగున ఉన్న లంకె మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఈ చిరునామా వెనుక మనిషి ఉన్నాడని వాళ్లకు చెప్పినట్టే. బొమ్మలు తెరవడమూ అంతే. ఒక చుక్క పరిమాణంలో కంటికి ఆనని బొమ్మ ఉండి, అది తెరుచుకోగానే పంపినవాడి సర్వరుకు కబురు వెళ్తుంది. సెట్టింగుల్లో బొమ్మలు అడిగాకే చూపించమని పెట్టుకోవచ్చు.

స్పామ్ ఫోల్డరును వారానికి ఒకసారైనా తెరవాలి. జీమెయిల్ అందులోవాటిని 30 రోజుల తర్వాత తుడిచేస్తుంది. మంచి ఉత్తరం కనబడితే ‘నాట్ స్పామ్’ నొక్కడం ఆ ఉత్తరాన్ని రక్షించడమే కాక, వడపోతకు ఒక పాఠం కూడా. తెలుగులో రాసిన మంచి మెయిలు విషయంలో ఆ పాఠం విలువ ఎక్కువ, ముందు చెప్పుకున్న కారణం వల్లే.

చట్టం సంగతి చూస్తే, అమెరికాలో 2004 జనవరి 1న అమల్లోకి వచ్చిన కాన్-స్పామ్ చట్టం, వద్దన్నవారికి పది పనిదినాల్లో ప్రచార మెయిళ్లు ఆపాలంటుంది. మన దేశంలో ట్రాయ్ నిర్వహించే డీఎన్‌డీ ఫోన్ కాల్స్‌కు, ఎస్‌ఎంఎస్‌లకు వర్తిస్తుంది, ఈమెయిల్‌కు వర్తించదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ చికాకు పెట్టే ఈమెయిళ్లను నేరంగా చూసేది. మాట స్వేచ్ఛను హరించే ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, అది సరైన తీర్పే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మాత్రం మనకు పనికొచ్చే ఒక మాట ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలని ఆరో సెక్షన్ చెబుతోంది. ఒక్క టిక్కుతో చేర్చుకుని, వదిలిపోవడానికి లాగిన్, పాస్‌వర్డ్, కారణాల ఫారం అడిగే ప్రతి సంస్థ పద్ధతినీ ఈ కొలతతో ప్రశ్నించవచ్చు. ఒక్క నొక్కుతో వదిలిపోయే సాంకేతిక ప్రమాణం 2017 నుంచే సిద్ధంగా ఉంది కాబట్టి, అలా చెయ్యడం కుదరదనే వాదన వాళ్లకు మిగలదు.